ఇరవై మూడిండ్ల అప్పగింతలు

మొన్న బుధవారం పొద్దుగాల ఆఫీసు తాళం తీస్తుంటే, రోడ్డు ఊడ్చే అక్క ఒకామె చీపురు పట్టుకోని నా దగ్గరికొచ్చి "ఆయమ్మ పోయింది" అన్నది. నేను "ఏడికి?" అన్న. నిజంగనే గట్ల అడిగిన. తొమ్మిదేండ్ల సంది ఆమెను ఏ గల్లీల చూసినా ఎటో పోతున్నట్టే ఉండేది, ఇప్పుడు గూడ ఎటో పోయిందనుకున్న. ఆ అక్క చీపురు కింద పెట్టి, "పోయింది పిల్లా. పొద్దుగాల చాయ్ తాగి, గోడకు ఒరిగి కూసున్నకాడ్నే..." అన్నది. అప్పుడు గాని నాకు సమజ్ కాలె. తాళంచెవి తాళంలనే ఇడ్చిపెట్టి ఉప్పల్ బస్సెక్కిన.

వాళ్ళింటికాడ టెంటు కింద ఎవలో ముసలాయన "నువ్వేమైతవ్ బిడ్డా ఆమెకు?" అని అడిగిండు. ఏం చెప్పాలె? చుట్టం కాదు. ఆమెతోని కలిసి పనిచేసింది పది దినాలే. ఆమె పని నేను తీసుకున్న అందామంటే దొంగతనం ఒప్పుకున్నట్టున్నది. ఆయనే "సరే, కూసో" అన్నడు.

మీకు మొదట్నుంచి చెప్పాలె, లేకుంటే నా లెక్కనే మీరూ పరేషానైతరు. అప్పట్ల ఆమె మున్సిపాలిటీ దవాఖానల ఆయమ్మ, ఆడి నుంచి రోగుల ఇండ్లకు పోతుండె. మంచం పట్టినోళ్ళు, కండ్లు కనపడనోళ్ళు, ఇంట్ల చూసే దిక్కులేనోళ్ళు ఉప్పల్ల, నాచారంల కలిపి ఇరవై మూడిండ్లు. తానం పోసుడు, పక్క బట్టలు మార్చుడు, పుండ్లకు కట్టు కట్టుడు, నాలుగు ముద్దలు తినిపిచ్చుడు. కొన్నిండ్లకు దినాం పోవాలె, కొన్నిటికి వారంల రెండుసార్లు. పన్నెండేండ్లు ఆమె ఒక్కతే తిరిగింది.

ఒకనాడు మున్సిపాలిటోళ్ళు తీర్మానం జేసి, ఈ పనంత చర్చోళ్ళు నడిపే మా సేవా సంస్థకు కాంట్రాక్టు మీద అప్పజెప్పిన్రు. చౌరస్తాల షామియానా ఏసిన్రు. పెద్ద సారు ఫైలు ఇచ్చిండు, మా ఇంచార్జి సారు తీసుకున్నడు, ఫొటో దిగిన్రు. నాకప్పుడు ఇరవై రెండేండ్లు. జనగామ దిక్కు ఊరి నుంచి వచ్చి, రోగులను చూసే ట్రైనింగు అప్పుడే అయిపోగొట్టిన. ఫైలు నా చేతిల పెట్టి "ఇగ ఇవి నీ ఇండ్లు" అన్నడు సారు. నేను గూడ ఇండ్లే అనుకున్న. వాటిల్లోపట మనుషులుంటరని ఆ ఫైలు చూస్తే అనిపించలె.

అందరికి చెప్పిన్రు గాని, ఆ ఇరవై మూడు మందికే ఎవలూ చెప్పలె. వాళ్ళకు గాలి మాటలు అందినయి. ఒకామె "మమ్ముల మిషనోళ్ళకు అమ్మేసిన్రట గద?" అన్నది. ఇంకొకామె నా మెడల సిలువ చూసి, దేవుళ్ళ పటాలు దిండు కింద దాచిపెట్టింది. "అవ్వా, అట్లనే గోడకు ఉంచుకో, నాకేం అడ్డం" అన్న. నమ్మలె. కండ్లు లేని తాత ఒకాయన మాత్రం సక్కగ అడిగిండు: "బిడ్డా, మొన్నటిదాక మేం సర్కారోళ్ళం. ఇగ మేమెవలోళ్ళం?" ఫారంలన్ని తిరగేసిన, ఆ మాటకు ఏడ జవాబు లేదు.

ఆయమ్మది పర్మినెంటు నౌకరి. మా సంస్థల చేరాల్నంటే అది ఇడ్చిపెట్టాలె. ఇడ్వనన్నది. దాంతోని ఆమెను రోడ్లు ఊడ్చే పనికి మార్చిన్రు. పోయేముందు పది దినాలు నాకు ఇండ్లు చూపియ్యాలని ఆర్డరిచ్చిన్రు.

నేనేమో గల్లీలు చూపిస్తదనుకున్న. ఆమె పెండ్లిల చేసినట్టు అప్పగింతలు చేసింది. నవ్వకున్రి. ప్రతి ఇంట్ల మంచం పక్కన కూసుండి, ఆ మనిషి చెయ్యి తీసి నా చేతిల పెట్టి, దాని మీద తన చెయ్యి పెట్టి చెప్పేది. "ఈమెకు కుడి చెవు ఇనరాదు, ఎడమ దిక్కు కూసోని మాట్లాడు." "ఈయనకు నీళ్ళంటే భయ్యం, ముందుగాల కాళ్ళ మీద పొయ్యి." "ఈ పెద్దామె పొద్దుగాల ఏడుస్తది, ఎందుకని అడగకు, ఆమెనే ఆపుతది." నేను రాసుకుంటుంటే పెన్ను గుంజుకునేది. "కాయితం మీద కాదు, చేతికి ఎక్కాలె" అనేది. ఆఖరికి ఆ మంచంల మనిషికి చెప్పేది: "ఇగ ఈ పిల్ల నీ మనిషి. నా కోసం అడగొద్దు." ముసలోళ్ళు ఏడ్చేటోళ్ళు. ఆమె కండ్లల్ల ఒక్క సుక్క రాలె. ఇదేం గుండెరా నాయనా, రాయి గిట్లనా అనుకున్న.

ఆయమ్మతోని తిట్లు గూడ మస్తు తిన్న. దుప్పటి గుంజితే తిట్టింది, అడగకుండ కిటికీ తెరిస్తే తిట్టింది. నేను చెంచ నేరుగ ఒకామె నోటికాడికి తీస్కపోతే చెయ్యి పట్టుకోని ఆపింది. "ముందు మాట పెట్టు, తర్వాత ముద్ద పెట్టు" అన్నది. ఇంకో దినం ఒక ముసలామె నన్ను బూతులు తిడితే నేను మూతి ముడుసుకున్న. బయటికొచ్చినంక ఆయమ్మ అన్నది: "మంచం పట్టినోళ్ళకు మిగిలే ఆస్తి కోపమొక్కటే పిల్లా. దాన్ని గూడ గుంజుకుంటవా?" ఈ రెండు మాటలు నేను ఇప్పుడు కొత్తగొచ్చే పిల్లలకు చెప్త, నా మాటల్లెక్కనే చెప్త. సిగ్గే గాని, ఏం జేద్దు.

ఆఖరి ఇల్లు నాచారంల షెడ్డు తాతది. మౌలాలి రైల్వే లోకోషెడ్ల పనిచేసి రిటైరైనోడు. పెండ్లాం సచ్చిపోయింది, పిల్లల్లేరు. పక్షవాతమొచ్చి కుడి దిక్కంత పడిపోయింది, గొంతు గూడ సగం మొద్దుబారింది. ముందటి అర్రల కిరాయికుండే ఆమె వండి పెడ్తది గాని, తినిపిచ్చేది ఆయమ్మనే. ఇద్దరూ ఒకలనొకలు తిట్టుకుంట పన్నెండేండ్లు ఎల్లదీసిన్రు. అప్పగింతల నాడు తాత చెయ్యి నాకియ్యలె. ఎడమ చెయ్యి పిడికిలి బిగబట్టి ఛాతి మీద పెట్టుకున్నడు. ఆయమ్మ ఒక్కొక్క వేలు ఇప్పి నా చేతిల పెట్టింది.

తెల్లారి నేను ఒక్కదాన్నే పోయిన. తాత నోరు తెరవలె. అజీర్తేమో అనుకున్న. రెండో దినం గూడ అంతే. కడుపుల నొస్తుందా అంటే తల అడ్డంగ ఊపిండు. నీళ్ళు మాత్రం తాగిండు. మూడో దినం పోయేసరికి మంచం పక్క గోడ మీద బొగ్గుతోని, ఎడమ చేత్తోని రాసినట్టు వంకర టింకర అచ్చరాలు: "సమ్మె. ఆయమ్మను వాపస్ తేవాలె."

నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలె. షెడ్డుల యూనియన్ మనిషట ఆయన. నోరు ఒక పక్కకు గుంజుకపోతున్నా, ఒక్కొక్క మాట మెల్లగ కూడబలుక్కోని, "చర్చలకు... పిలువుమను" అన్నడు.

డాక్టరొచ్చి నాడి చూసి, "ఈయనకిది ఆట కాదమ్మా. రేపటిలోపట ఏదన్న కడుపుల పడకపోతే నేనేం చెప్పలేను" అన్నడు. మా ఆఫీసుకురికిన. సారు అన్నడు: "ఆయన డిమాండు మున్సిపాలిటీ మీద. మనమెట్ల మాట్లాడ్తం?" మున్సిపాలిటీకురికిన. క్లర్కు రిజిస్టరు చూసి అన్నడు: "ఫైలు మీకొచ్చింది గదమ్మా. ఫైలుతోపాటు తాతనూ మీకే ఇచ్చినం." ఇద్దరు చెప్పింది గూడ తప్పు కాదు. అదే నాకు పిచ్చి లేపింది. మనిషి సావుకు దగ్గర పడుతుంటే, ఆయన ఎవలోడో తేలలె.

నాలుగో దినం పొద్దుగాల ఆయమ్మను ఎతుక్కుంట పోయిన. చిత్రమేందంటే, ఆమెకు ఊడ్వమని ఇచ్చిన రోడ్డు తాత గల్లీ మీదికెంచే పోతది. మూడు దినాల సంది ఆ గేటు ముందట ఊడుస్తున్నది గాని లోపటికి తొంగి గూడ చూడలె. కొంగు మొఖానికి అడ్డం కట్టుకున్నది.

"ఆయమ్మా, తాత సచ్చిపోతడు. ఒక్కసారి రా" అన్న.

"రాను."

"పది అడుగులు గూడ లేదు గద!"

"నేనొస్తే ఇయ్యాల తింటడు. రేపు? ఎల్లుండి? దినాం నన్ను తోలుకొస్తవా?" చీపురు ఆపలె. "పిల్లను అప్పగించినంక తల్లి దినాం పొయ్యి అత్తగారి గడపల కూసుంటే, ఆ పిల్ల కాపురం జేస్తదా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీది గుండెనా, బండనా? గాయన పెండ్లిపిల్లనా? ముసలాయన! సావనియ్యి, అప్పుడొచ్చి రోడ్డు ఊడ్వు!" అని ఒర్లిన. గల్లీల జనం చూసిన్రు. ఆమె నా దిక్కు ఒక్కసారి చూసి, చీపురు ఆడనే పారేసి, చౌరస్తా దిక్కు పోయింది. కోపానికొచ్చిందేమో అనుకోని గేటుకాడ కూలవడి ఏడ్సిన.

పావుగంటకు వాపసొచ్చింది. చేతిల స్టీలు గ్లాసు. చాయ్ హోటల్ల నిమ్మకాయ పిండి, శక్కరేసి తెచ్చింది.

"సమ్మె చేసినోడు ఊకెనే లేవడు పిల్లా. ఎవలన్న పెద్దమనిషి నిమ్మరసం ఇయ్యాలె. లేకుంటే ఆయన ఇజ్జత్ పోతది. మున్సిపాలిటీ కమిషనర్ సారు పంపిండని చెప్పు. నా పేరు తీస్తే నీ నోరు పగుల్తది."

లోపటికి పోయిన. అబద్ధం చెప్పుడు నాకు రాదు. "తాతా, కమిషనర్ సారు నిమ్మరసం పంపిండు. సమ్మె ఇడవాలని చెప్పిండు" అన్న. తాత నా మొఖం చూసిండు, గ్లాసు చూసిండు. చెంచతోని ఎడమ దవడల పోసిన. మింగిండు. ఇంకో చెంచ. ఒక్క గింజ లేదు, ఒక్క పిప్పి లేదు, బట్టల వడగట్టినట్టున్నది. చిన్న గింజ తగిలినా ఆయనకు ఉక్కిరిబిక్కిరైతది.

సగం గ్లాసయినంక తాత ఆగి, మెల్లగ అడిగిండు: "నా గొంతు సంగతి... కమిషనర్‌కు... ఎట్ల ఎరుక?"

తాత కిటికీ దిక్కు చూసిండు. బయట చీపురు చప్పుడు ఇనపడుతున్నది. జర సేపు ఇన్నడు. "సరే," అన్నడు. "సారుకు చెప్పు. సమ్మె... వాపస్ తీసుకున్న." పిడికిలి ఇప్పి, చెయ్యి నా దిక్కు చాపిండు.

ఆయన ఇంకో రెండేండ్లు బతికిండు, నా చేతి ముద్ద తిని నన్నే తిట్టుకుంట. ఆ రెండేండ్లు ఆయమ్మ ఆ గేటు దాటలె. ఆయన సచ్చిపోయిన నాడు మాత్రం అందరికన్న ముందుగాల వచ్చి, వాకిట్ల కూసోని ఏడ్సింది. గంతగనం ఏడుపు నేను ఎవల దగ్గరా చూడలె.

ఎందుకు రాలె ఆ పది అడుగులు? మొన్న టెంటు కింద ఆమెతోటి పనిచేసినోళ్ళను అడిగిన. "ఆ ఇండ్లల్లకు పోతే కొత్తోళ్ళ పని చెడగొడుతున్నవని నౌకరి పీకుతరని ఎవలో భయపెట్టిన్రు" అన్నది ఒకామె. ఇంకొకామె "భయమా, ఆమెకా? మనసు ఇరిగిపోయింది. పన్నెండేండ్లు చేసిన పని ఒక్క ఫొటోతోని గుంజుకున్న తర్వాత ఏ మొఖంతోని పోతది?" అన్నది. నాకు ఆమె చెప్పింది అప్పగింతల మాట. మూడూ నిజమే కావచ్చు, ఒక్కటీ కాకపోవచ్చు. తొమ్మిదేండ్లు గదే గల్లీల ఎదురుపడ్డం, "తిన్నవా" అంటే "తిన్న" అనుకున్నం గాని, ఈ మాట అడుగుదామంటే నాకు నోరు రాలె. ఇప్పుడు అడగడానికి మనిషే లేదు. ఆ దినం బండ అన్న మాట వాపస్ తీసుకోలేదు నేను. అది నన్ను తింటున్నది.

ఆ సమ్మె ఇడ్చిన పొద్దు తాతకు మెత్తగ పిసికిన అన్నం నాలుగు ముద్దలు గూడ పెట్టి బయటికొచ్చిన. ఆయమ్మ గేటు ముందటనే ఉన్నది, వంగి ఊడుస్తున్నది. "తాగిండు ఆయమ్మా. అన్నం గూడ తిన్నడు" అన్న. తలెత్తలె. మిగిలిన గల్లీ అంతా ఆకులు, కాయితాలు, రాత్రి గాలికొచ్చిన చెత్త అట్లనే పడి ఉన్నది. గేటు ముందట ఆ నాలుగు గజాలల్ల మాత్రం పుల్ల గూడ లేదు. చీపురు గీతల మీద మల్ల చీపురు గీతలు పడి ఉన్నయి. ఆమె ఇంకా అక్కడనే ఊడుస్తున్నది.