మొయినాబాద్ ఎండలో మంచు ఎలుగుబంటి

ఆ రోజుల్లో వాతావరణ మార్పు అంటే మాకు ఎక్కడో ఉత్తర ధ్రువంలో జరిగే వ్యవహారం. హైటెక్ సిటీలో కొత్తగా ఉద్యోగాలొచ్చిన మేము, ఏసీ చలికి స్వెట్టర్లు తొడుక్కుని (అవును, మే నెలలోనే) భూగోళం వేడెక్కుతున్నందుకు తెగ బాధపడేవాళ్లం. "సముద్రం పొంగితే మనకేంది మామా, హైదరాబాద్ దాకా రాదు గదా" అని ఒకడంటే, "వస్తే మంచిదే, గండిపేటల నా ప్లాట్ బీచ్ ఫేసింగ్ అయితది" అని ఇంకొకడు. మొయినాబాద్ అవతల చేవెళ్ల ఎండల్లో పెరిగినవాణ్ణయి ఉండీ అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

అలాంటి మమ్మల్ని జనంలో అవగాహన పెంచమని కంపెనీ మొయినాబాద్ దగ్గర ఒక ఫామ్‌హౌస్‌కు పంపింది. చుట్టుపక్కల కొత్త విల్లాల వాళ్లను పిలిచి నాటిక వేయాలి. మా టీం లీడర్ (చాటుగా మేము డెడ్‌లైన్ అన్న అనేవాళ్లం) నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు లోకల్ గదా, ఎండ నీకు అలవాటే. ఎలుగుబంటి నువ్వే" అని తేల్చేశాడు. కిరాయికి తెచ్చిన తెల్ల బొచ్చు వేషం, వీపున జిప్పు, లోపల అంతకుముందు తొడుక్కున్నవాడి చెమట వాసన. మిట్టమధ్యాహ్నం, థర్మోకోల్ మంచు గడ్డ మీద నిలబడి నేను రెండుసార్లు మూలగాలి, తర్వాత చచ్చిపోవాలి. మొదటి మూలుగు నటనే. రెండోది నాకు తెలియకుండానే వచ్చింది. కళ్లు బైర్లు కమ్మి బోర్లా పడ్డాను. చప్పట్లు! "సూపర్, వన్స్ మోర్!" అని ఈలలు కూడా. మేనల్లుడి నాటకం చూద్దామని చేవెళ్ల నుంచి వచ్చిన మా అత్తమ్మ ఒక్కతే లేచి ఉరికొచ్చింది. "నాటకం గాదు సార్, మా పోరడు సస్తున్నడు! జిప్పు గుంజున్రి!" జిప్పు రాలేదు. తలకాయ మాత్రం ఊడదీసి, మిగతా ఎలుగుబంటిని అట్లాగే ఆటోలో దవాఖానకు తీసుకెళ్లారు.

నర్సు కత్తెరతో చెయ్యి దగ్గర బొచ్చు కోసి సెలైన్ ఎక్కించింది. పక్క మంచం మీద ఒక అవ్వ. చిల్కూరు దగ్గర టమాట తోటలో కాయలు తెంపుతూ వడదెబ్బకు పడిపోయిందట. ఒళ్లు కాలిపోతోంది, మాట లేదు. ఆమె బిడ్డ తడిగుడ్డతో కాళ్లు తుడుస్తూ నావైపు వింతగా చూసింది.

"ఇదేం వేషం, తమ్మి?"

"ఎలుగుబంటి, అక్క."

"తెల్లగున్నదేంది?"

"మంచు దేశంల ఉంటది. ఎండలు ముదిరి, మంచు కరిగి, పాపం సస్తున్నది. గదే జనానికి చెప్తున్నం."

ఆమె చెయ్యి ఆగింది. "అయ్యో, నోరులేని జీవి! గంత దూరం గూడ ఎండలేనా?" అంది. నిజంగానే బాధపడింది. మళ్లీ వాళ్లమ్మ కాళ్లు తుడవసాగింది.

సాయంత్రం డెడ్‌లైన్ అన్న ఫోన్ చేశాడు. "నిన్ను ఆటోల ఎక్కించినంక అందరు ఏడ్చిన్రు తెలుసా? అవేర్‌నెస్ అంటే గిట్లుండాలె!" నేను జవాబు చెప్పేలోగా పక్క మంచం దగ్గర ఏడుపు మొదలైంది. అవ్వ పోయింది. మా అత్తమ్మ వెళ్లి ఆ బిడ్డను పట్టుకుని కూర్చుంది. ఫోన్‌లో అన్న, "ఎవరు ఏడుస్తున్నరు? విల్లాలోళ్లు నిన్ను చూడనీకి వచ్చిన్రా?" అన్నాడు.

ఇప్పుడు మా ఆఫీసు పిల్లలు ఈ కథ చెప్పించుకుని, జిప్పు దగ్గర పడీపడీ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఒంటినిండా బొచ్చుతో, పోతున్న మనిషి పక్కన కూర్చుని ధ్రువపు మంచు గురించి పాఠం చెప్పిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వక ఏం చేస్తాను? ఆ నవ్వు ఎక్కువసేపు నిలవదు, అంతే.