రాజేశం ఫ్రిజ్ విప్పితే ఇల్లంతా బయటే

మా రాజేశానికి ఒకటే పిచ్చి. ఫ్రిజ్ విప్పేముందు ఆ ఇంట్లోవాళ్లందర్నీ బయటికి తోలేస్తాడు.

"కుల్లు బర్రా!" అంటాడు. అందరూ బయటికి అని. ఆయనకొచ్చిన అరబ్బీ అంతే. మిగతాది నేను సర్దిచెప్పుకోవాలి. సౌదీలోని తాయిఫ్‌లో మా రిపేరు బండి తోలేదీ, జనంతో మాట్లాడేదీ ఈ మస్తాన్ వలీయే మరి. మాది కడప. సిగ్గు నాకు పుట్టుకతోనే ఉంది, రాజేశంతో తిరిగాక ముదిరింది.

వేరేవాళ్లు పైపు కోసి, గ్యాస్ గాలికి వదిలేసి, కొత్తది ఎక్కించి పోతారు. ఈయన ప్లగ్ పీకుతాడు, స్టవ్ ఆపిస్తాడు, కిటికీలన్నీ తెరుస్తాడు. కళ్లద్దాలూ గ్లౌజులూ తొడిగి, పాత గ్యాస్‌ని మిషన్‌తో లాగి, తూకం మీద పెట్టిన సిలిండర్లోకి పట్టాకే రిపేరు మొదలు.

"కొంచెం వదిలేస్తే ఏమైతాదన్నా?" అని అడిగాను ఒకసారి.

"గాలి నీ ఒక్కనిదా? అంటుకునే గ్యాస్ అయితె మీసాలు గూడ మిగలవ్. నడువ్ బయటికి."

ఒక పెళ్లివారింట్లో వంటవాళ్లతో సహా అందర్నీ ఎండలో నిలబెట్టాడు. సగం గడ్డం గీసుకున్న పెళ్లికొడుకు నురగతోనే వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, బండి టైరులో గాలి చూస్తున్నట్టు నటించాను.

మొన్న ఇంకో ఇంటికి వెళ్లాం. ఫ్రిజ్ చల్లబడటం లేదు. మామూలుగానే "కుల్లు బర్రా!" అయింది. యజమాని వాకిట్లో కుర్చీ వేసుకుని నన్ను గుర్రుగా చూస్తున్నాడు. వాళ్ల వంటామె బాలామణి, అమలాపురం మనిషి, మెల్లగా నా దగ్గరికొచ్చింది.

"బాబూ, ఫ్రీజర్లో ఐసు గడ్డకడితే కత్తెట్టి గీకేశానండి. అప్పట్నుంచే చల్లబడట్లేదు. ఇంకోటి పాడుచేస్తే ఎగ్జిట్ వీసా కొట్టి ఇంటికంపేస్తానని అయ్యగారు మొన్నే అన్నారు. అయ్యగారికి చెప్పొద్దని మీ మెకానిక్ గారికి చెప్పండి బాబూ!" అని కొంగుతో కళ్లొత్తుకుంది.

పరుగున లోపలికెళ్లాను. మిషన్ గుర్రుమంటోంది. గేజీ ముల్లు మాత్రం సున్నా మీద పడుకుంది. రాజేశం తీరిగ్గా ఫ్రీజర్ చిల్లులకు మందు పూస్తున్నాడు.

"అన్నా, గ్యాస్ ఎప్పుడో పోయింటే మిషన్ ఎందుకు తిరుగుతాండాది?"

రాజేశం మొహం ఎర్రబడింది. "సప్పుడు ఆగితె లోపలికొస్తరు. గాట్లు చూస్తరు. పాపం వంటామె మీద వడ్తరు."

"ఎన్ని ఇండ్లల్లో చేసినావన్నా ఇట్ల?"

"ఎవ్వలకు చెప్పకు. గ్యాస్ లేని ఫ్రిజ్‌కు మిషన్ పెట్టిండంటె మెకానిక్‌గ నా ఇజ్జత్ పోతది." కాస్త ఆగి, "గాట్లు రెండున్నయ్. ఒకటి కత్తిది. ఇంకోటి వెడల్పుగున్నది, గరిటె లెక్క" అన్నాడు.

ఇన్నాళ్లూ ఈయన పక్కన నిలబడటానికి సిగ్గుపడినందుకు నా మీద నాకే సిగ్గేసింది.

ఖాళీగా తిరిగి మిషన్ వేడెక్కిందని ఆయన దాన్ని ఆపాడు. వెంటనే యజమాని భార్య, మదామ్, గుమ్మంలో ప్రత్యక్షం. వెనకాలే బాలామణి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని.

"ఏమైంది?" అంది మదామ్ అరబ్బీలో.

"చిల్లు వడ్డదని చెప్పు. ఐసు పేరితె ప్లగ్ తీసి గిన్నెల వేడినీళ్లు పెట్టాలె. ఏదన్న పెట్టి పొడవద్దు. గరిటెతోనైతె అసలే వద్దని గట్టిగ చెప్పు."

చెప్పాను. గరిటె అనగానే మదామ్ చెంపలు దానిమ్మ గింజల్లా అయ్యాయి. ఎవరు పొడిచారని ఆమె అడగలేదు. వాకిలి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "మా ఆయనకి చెప్పకండి" అంది.

ఆ మాట తెలుగులో చెప్పేసరికి బాలామణి నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇంకా కాలేదా?" అని యజమాని వాకిట్లోంచి కేకేశాడు.

రాజేశం వంగి మళ్లీ మిషన్ ఆన్ చేశాడు. నేను కిటికీలోంచి తల బయటపెట్టి, ఇంకా కొంచెం గ్యాస్ మిగిలిందని గట్టిగా చెప్పాను.