పక్కగది పైడమ్మ ఆలివ్ నూనె

గిర్మిట్ అనే కూలి ఒప్పందం మీద ఓడెక్కి వచ్చిన మేమంతా ఉండే కూలీలైన్లో, పక్కగది పైడమ్మ దొర బంగళాలో బట్టలుతుకుతుంది. ఆమధ్య దొరసాని ఆమెకొక చిన్న సీసాడు ఆలివ్ నూనె ఇచ్చింది. ఇక అప్పటినుంచి మడమలు పగిలినా, పసిపిల్లకు మాడు ఎండినా, నడుం పట్టేసినా అందరూ ఆ గుమ్మానికే పరుగు. నిన్నమొన్నటిదాకా నా కొబ్బరినూనె డబ్బా చుట్టూ తిరిగినవాళ్లే వీళ్లంతా. నా కడుపు మండిపోయింది.

ఈ రోజు పొద్దున్న చెరకు కోతకు వెళ్లేముందు మా ఆయన కూడా వెళ్లి ఆమె ముందు మోకాలు చాపాడు.

"మన నూనెకేం రోగం?" అని అడిగాను.

"ఇది ఒంట్లోకి దిగిపోద్దే. నీది పైపైనే ఉండిపోద్ది," అన్నాడు.

పైడమ్మ సీసా వంచింది. నూనె రాలేదు. చలికి లోపల తెల్లగా పేరుకుపోయి ఉంది. దొరసాని ఇచ్చిన కొత్తలో ఇంతకంటే చలిగా ఉన్నా ఆ నూనె ధారగా కారడం నేను చూశాను. ఈపాటి చలికే ఇలా పేరుకునేది కొబ్బరినూనె. ప్రతి శనివారం వెంకన్న దీపానికని ఆమె నా దగ్గర పట్టుకెళ్లే గిన్నెడు నూనె గుర్తొచ్చింది.

పైడమ్మ నా కళ్లలోకి చూడకుండా సీసాను అరచేతుల మధ్య రుద్ది కరిగించింది. మా ఆయన నొప్పి సగం తగ్గిందంటూ లేచి, హుషారుగా కోతకు వెళ్లిపోయాడు.

నిజం చెబితే ఆమె పరువు పోతుంది. దానికి నాకేమీ బాధ లేదు. కానీ ఆయన నొప్పి తిరిగొస్తుంది. మీరైతే చెప్పేవారా?