మొహాలు చూసి చేసిన రిపేరు

ఆ వీధిలో మెకానిక్ షెడ్లకు కొదవ లేదు. కానీ ముందు చక్రాల్లోంచి చప్పుడొస్తోందంటే మాత్రం బండి తిన్నగా ఆయన దగ్గరికే వచ్చేది. అందరూ ఆయన్ని చెవిగారు అనేవాళ్లు.

షెడ్డు ముందున్న ఖాళీ జాగాలో స్టీరింగును చివరంటా తిప్పి, బండిని గుండ్రంగా నడుపుతూ, కిటికీలోంచి తల బయటపెట్టి వినేవాడు. ఇంజను బలాన్ని చక్రానికి అందిస్తూనే అది ఎటు తిరిగితే అటు వంగే కీలు ఒకటుంటుంది. సి.వి. జాయింటు అంటారు. దాన్ని కప్పి ఉంచే రబ్బరు బూటు చిరిగితే గ్రీజు కారిపోయి, దుమ్ము చేరి, లోపలి ఉక్కు గోళీలు అరుగుతాయి. ఇక బండి మలుపు తిరిగినప్పుడల్లా టకటక. కుడికి తిప్పితే మోగిందంటే పోయింది ఎడమది; ఎడమకి తిప్పితే మోగిందంటే కుడిది. అరుగుడు మొదట్లో చేత్తో ఊపి చూసినా తెలియదు. పక్క షెడ్ల వాళ్లు కూడా అనుమానమొస్తే బండి తోలుకొచ్చి, "అన్నా, ఒక్క చుట్టు విని పెట్టు" అనేవాళ్లు.

ఏళ్ల తరబడి సుత్తి దెబ్బలు, గాలి గన్ను మోత. చెవులు కాస్తా పోయాయి. ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే వినపడుతుంది. ఆ సన్నటి టకటక మాత్రం వినపడదు. చెవికి మిషను పెట్టించుకున్నాడు. అందులో కంప్రెసరూ హారన్లూ కలగలిసి ఒకటే రొద. తీసి సొరుగులో పడేశాడు.

అప్పటి నుంచి మొహాలు చూడటం మొదలుపెట్టాడు. బండి యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని చుట్టు తిప్పేవాడు. సొంత కారు టకటకమంటుంటే మొహం మారని మనిషి ఉండడు. ఎటు తిప్పినప్పుడు నుదురు ముడిపడిందో చూసుకుని, దానికి ఎదుటి పక్కది మార్చేసేవాడు. ఇంతవరకూ తప్పు పోలేదు. సంగతి ఎవరికీ తెలియదని ఆయన ధీమా. తెలిస్తే ఇక చెవిగారు ఉండడు. చేతులకు మసి అంటిన ముసలాడొకడు మిగులుతాడు.

ఒకరోజు బావమరిది కారు తెచ్చాడు. పెళ్లాం, ముగ్గురు పిల్లలు, అత్తగారు, అందరూ ఇరుక్కుని తిరిగే కారు. వాడి దవడ ఇంత లావు వాచి ఉంది. పన్ను పోటు.

"బావా, ముందు చక్రం..." అని దవడ పట్టుకున్నాడు.

"నోరు తెరవకురా బాబూ, నేను చూస్తాగా. ఎక్కు."

ఎడమకి తిప్పాడు. సరిగ్గా అప్పుడే పన్ను సలిపింది. బావమరిది మొహం నలిపిన కాగితంలా అయిపోయింది. కుడికి తిప్పాడు. ఈసారి వాడు కళ్లు మూసుకుని బొమ్మలా కూర్చున్నాడు.

"కుడిదిరా" అన్నాడు చెవిగారు.

చక్రం ఊడదీసి, నట్టు విప్పి, పాత జాయింటును సుత్తితో కొట్టి లాగాడు. గ్రీజు తుడిచి గోళీలు చూస్తే తెలిసిపోయేది. ఒకప్పుడైతే చూడందే వదిలేవాడు కాదు. ఇప్పుడు చూడాలంటే భయం. తుక్కులోకి గిరాటేసి కొత్తది ఎక్కించాడు.

మధ్యాహ్నానికి మాత్ర పనిచేసి బావమరిదికి మాట వచ్చింది. తమ్ముడితో వాళ్లింటికి వెళ్దామని చెవిగారి భార్య కూడా వచ్చి వెనక సీట్లో కూర్చుంది. ఆయన మళ్లీ బండి తీశాడు. ఎడమకి తిప్పాడు. ఎవరి మొహంలోనూ ఏమీ లేదు. కుడికి తిప్పాడు. అద్దంలో భార్య కళ్లు చటుక్కున తమ్ముడి వైపు తిరిగాయి. వాడు పెదవి కొరుక్కున్నాడు. మరుక్షణం ఇద్దరూ చెరో కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"చప్పుడుందా?"

"అబ్బే. వెన్నలా తిరుగుతోంది బావా."

"నీ పన్ను మీద ఒట్టేసి చెప్పు."

"పన్ను మీదే ఒట్టు."

"వాడు చెబుతున్నాడుగా, పదండి, ఎండ మండిపోతోంది" అంది భార్య ముందుకు వంగి గట్టిగా. ఆమె ఏనాడూ షెడ్డు పనిలో నోరు పెట్టిన మనిషి కాదు.

ఆయన బండి ఆపి వెనక్కి తిరిగాడు. "నీకెప్పటి నుంచి తెలుసు?"

"ఏం తెలుసు?"

"నటించకే."

ఆమె కొంగు సర్దుకుంది. "ఫోను మీ మోచేతి కిందే మోగుతుంటుంది. మీరు పేపరు తిప్పుకుంటూ ఉంటారు. ఎప్పటి నుంచని చెప్పను?"

బావమరిది దవడ నిమురుకుంటూ, "పోనీలే బావా, తర్వాత చూద్దాం. పిల్లల్ని బడికి దింపడమేగా" అన్నాడు.

"నడిరోడ్డు మీద చక్రం తిరగడం మానేస్తే నీ పన్ను అడ్డం పెడతావుట్రా? దిగు!"

ఎడమది విప్పాడు. ఈసారి తుడిచి చూశాడు. గోళీలు తిరిగే గాడుల నిండా గుంటలు. గోరు పెడితే దిగుతోంది. కొత్తది వేసి, నల్ల గ్రీజు కూరి, బూటు క్లాంపులు బిగించి, తాళం బావమరిది చేతికిచ్చాడు. తాను ఎక్కలేదు. వాళ్లు రెండు చుట్లు తిరిగి వచ్చి, "పోయింది బావా, ఈసారి నిజంగానే పోయింది" అన్నారు. నిజమే అయుండొచ్చు. జాలిపడీ అని ఉండొచ్చు. తేడా తెలుసుకునే దారి ఆయనకు లేదు.

అంతలో పక్క షెడ్డువాడు ఎవరిదో కారు తోలుకుంటూ వచ్చాడు. "అన్నా, ఒక్క చుట్టు వినవా?"

"నాకు వినపడదురా."

వాడు పకపకా నవ్వాడు. "మొన్నటిదాకా విన్నావుగా!"

"వినలేదు. మొహాలు చూసి చెప్పాను."

వాడి నవ్వు ఆగింది. "చెయ్యనంటే చెయ్యనని చెప్పన్నా, కథలెందుకు? పెద్దవాడివైపోయావులే." అంటూనే బండి వెనక్కి తిప్పుకుని పోయాడు.

"పొగరనుకుంటున్నాడు. నేను వెళ్లి చెప్పి రానా?" అంది భార్య.

"వద్దు. పొగరనుకుంటే ఇంకొన్నాళ్లు తిట్టుకుంటారు. నిజమని తెలిస్తే అసలు తలుచుకోరు."

ఆమె కారు తలుపు తీస్తూ, మొహం అటు పెట్టి ఏదో అంది. ఏమిటని ఆయన అడగలేదు.