కోచ్ పేరుండాల్సిన తావులో అడ్డగీత

పోయిన శనివారం మా కోచ్ పోయినాడు. థాయిలాండ్‌లో, వాళ్ల ఊర్లో, సొంత ఇంట్లో నిద్దర్లోనే పోయినాడంట. ఈడ కువైట్‌లో, అర్దియా గ్యారేజీలో ఆయన పక్కన పనిచేసిన ఫిలిప్పీన్ పెయింటర్ ఫోన్ చేసి చెప్పినాడు. నాకు ఏడుపు రాలేదు. కోపమొచ్చింది. ఆ మనిషికి మనోళ్లు చెయ్యాల్సిన మర్యాద ఒకటి అట్లనే నిలిచిపోయింది. ఇన్నేండ్లు అడిగినా, ఆయన బతికుండగా జరగలేదు.

ఫర్వానియాలో మన తెలుగోళ్ల సంఘం హాలు చూసినోళ్లకు ఎరుకే. మెట్లెక్కంగానే గోడమీద శుక్రవారం ఫుట్‌బాల్ టోర్నమెంటు గెలిచినోళ్ల బోర్డు ఉండాది. ఏటికొక వరస. టీము పేరు, కెప్టెన్ పేరు, కోచ్ పేరు. మేం గెలిచిన ఏటి వరస చూడండి. టీము ఉండాది. కెప్టెన్ ఉండాడు. కోచ్ కాడికొచ్చేసరికి అడ్డగీత. కోచే లేకుండా కప్పు ఆకాశం నుంచి ఊడిపడిందా మాకు?

బోర్డు కట్టిన పొద్దే అడిగితి. సెక్రెటరీ గోదావరి పక్క ఆయన. మాట మెత్తన.

"ఏం చేస్తామండీ బాబాయ్, ఇది మన తెలుగోళ్ల టోర్నమెంటండి. బోర్డు మీద మనోళ్ల పేర్లే ఉండాలని కమిటీ అనుకుందండి. ఆయన థాయ్ ఆయన కదండీ. పోనీ, మీ పేరు రాయించెయ్యమంటారా?"

"నా పేరేమిటికి సామీ? నేను నీళ్ల క్యాన్లు మోసినోణ్ణి" అంటి.

"అయితే గీత పెట్టేద్దామండి" అన్నాడు. పెట్టేసినాడు.

అందుకే ఈ రాతలో ఆయన పేరు నేను రాయను. కోచ్ అనే రాస్తా. ఆ పేరు ముందు పడాల్సిన తావు బోర్డు. ఆడ పడినాకనే ఈడ.

నేను రాయచోటి పక్క పల్లెటూరోణ్ణి. ఎగైలాలో ఒక ఇంట్లో డ్రైవర్‌ని. ఒకపొద్దు ఆ ఇంటి యజమానురాలిని మాల్ కాడ దించి బండి నిలబెట్టుకోనుంటే, ఎవడో వెనక డోరుకు సొట్ట పెట్టి పోయినాడు. సాయంత్రానికి మా కఫీల్, అంటే నాకు పనిచ్చిన అరబ్బు సేటు, ఊర్నుంచి దిగుతాడు. అర్దియాకు పరిగెత్తితి. గ్యారేజీలో ఒక పొట్టి మనిషి, తలకు తువ్వాల చుట్టుకోని వచ్చి, జ్వరమొచ్చిన బిడ్డ నొసలు చూసినట్ల ఆ సొట్టను నిమిరినాడు. "మాఫీ ముష్కిల్, సదీక్" అన్నాడు. ఇబ్బందేం లేదు స్నేహితుడా అని. సుత్తి పట్టుకున్నాడు. పక్కన స్టూలు మీద ఫోన్లో ఏదో ఆట జరగతాండాది. నడిమధ్యలో సుత్తి కింద పెట్టి, నా బండి చుట్టూ చేతులెత్తి ఎగరబట్టె. నాకు పని ఊడతాదని భయం, ఈయనకు ఎగురుడు.

"ఎవురు గెలిచినారు?" అంటి.

"మా ఊరు" అన్నాడు. దేశం అనలేదు. ఊరు అన్నాడు.

సాయంత్రానికి సొట్ట యాడుండిందో నాకే కనపడలేదు. ఆపొద్దు నుంచి బండికి ఏం కాకపోయినా గ్యారేజీకి పోయేది అలవాటయింది.

రంగు గన్ను సరిగ్గా చిమ్ముతాందా లేదా అని చూసుకునే గోడ ఒకటి గ్యారేజీ వెనక ఉండాది. వాళ్ల ఊరి క్లబ్బు గెలిస్తే కోచ్ ఆ గోడమీద వంకాయరంగు చుక్క కొట్టేవాడు. అది వాళ్ల జెర్సీ రంగు. ఓడితే బూడిదరంగు చుక్క. సమానమైతే సగం అది, సగం ఇది. తాను కువైట్‌కు రాకముందు కథ నోటితో చెప్పేవాడు, వచ్చినాక కథంతా గోడమీదనే. బియ్యం మిల్లులో మూటలు మోసేవాళ్లు, బడి అయివార్లు కలిసి పెట్టుకున్న క్లబ్బంట అది. ఏటి ఒడ్డున గ్రౌండు. వానలకు నీళ్లెక్కితే గోల్‌పోస్టుకు పడవలు కట్టేవాళ్లంట. ఆ దేశంలో ఆట మెట్లు మెట్లుగా ఉంటాది. గెలిచేవాళ్లు పై మెట్టుకు పోతారు, కడాన నిలిచేవాళ్లు కింది మెట్టుకు దిగతారు. వీళ్లు అడుగు మెట్టు నుంచి ఒక్కొక్కటే ఎక్కి, అన్నిటికంటే పైకి చేరినారు. ఆడ మొదటి ఆటలోనే రాజధాని టీము వీళ్లకు ఆరు గోల్స్ కొట్టి పంపించింది. కొన్నాళ్లకు అదే టీము వీళ్ల ఊరికొస్తే, వీళ్లు ఒక్క గోలు కొట్టి, తాము ఒక్కటీ పడనియ్యకుండా గెలిచినారు. ఆ గోలు ఎట్ల పడిందో కోచ్ బల్లమీద నట్లు, బోల్టులు పేర్చి చూపించేవాడు. మూల నుంచి తన్నిన చిన్న నట్టు, తలకాయతో గుద్దిన పెద్ద బోల్టు. ఎన్నిసార్లు చూపించినా ఆ బోల్టు గుద్దే కాడ ఆయనే "గోల్!" అని అరిచేవాడు.

తర్వాత బూడిద చుక్కలు మొదలాయె. క్లబ్బు నడిపే షావుకారు చేతులెత్తేసినాడు. ఆటగాళ్లు తలాదిక్కూ పోయినారు. ఏటికొక మెట్టు దిగి మల్లా అడుగు మెట్టుకే వచ్చినారు. గోడ చూస్తే వాన మబ్బు పట్టినట్ల ఉండె.

"ఖలాస్, అయిపోయింది కదా కోచ్? ఇంక వేరే టీము చూసుకో. ఇంగ్లండోళ్లది చూసుకో, పెద్దది" అని ఎగతాళి చేస్తి.

ఆయన గన్ను కడగతా కడగతా చెప్పినాడు, "అడుగు మెట్టులో కూడా గడ్డి పచ్చగానే ఉంటాది, సదీక్."

ఆ మాట నేను మరవను.

మన కడప, అన్నమయ్య జిల్లాల పిల్లోళ్లు టోర్నమెంటులో టీము పెడతామన్నప్పుడు, కోచ్‌గా ఉండమని నేనే పోయి అడిగితి. అప్పటికి మావాళ్ల ఆట ఎట్లుండేదంటే, బంతి యాడుంటే అందరూ ఆడనే, మేకల మంద మాదిరి. కోచ్ ఒక్కటే అడిగినాడు, జెర్సీలు వంకాయరంగులో ఉండాలని. సరే అంటిమి. ఇంక చూడండి, గ్రౌండులో దిగితే చాలు కోనసీమ టీమోళ్లు మొదలుపెట్టేవాళ్లు. "వంకాయలొచ్చాయండోయ్! గుత్తొంకాయకి మసాలా నూరండోయ్!" మావాళ్లకు తల తీసేసినట్ల ఉండేది. కోచ్‌కు అర్థం చెప్తే ఆయన పడీ పడీ నవ్వి, వాళ్ల వైపు తిరిగి రెండు చేతులూ జోడించినాడు. వాళ్ల దేశంలో కూడా దండం మన మాదిరే.

ఆయనకు మా యాస బాగా పట్టుబడింది. "శ్వయ్య, శ్వయ్య" అని అరబ్బీలో చెప్పేవాడు, నిదానంగా ఆడండని. ఎవడన్నా బంతిని పక్కనోడికియ్యకుండా పట్టుకోని పరిగెత్తితే మాత్రం, అచ్చం రాయచోటి సంత గొంతుతో "రేయ్, బంతి నీ యబ్బ సొత్తా?" అని అరిచేవాడు. టోర్నమెంటు మొదలుపెట్టను కమిటీ ప్రెసిడెంటు వచ్చి మొదటి బంతి తన్ని, సరదాపడి ఇంకొంచెం ముందుకు తీసుకుపోతే ఆయన్ను కూడా అన్నాడు. హాలు బోర్డులో పేరు లేకపోవడానికి అదేమన్నా కారణమా అని నాకు అనుమానం. కమిటీ పెద్దలూ, ఇప్పుడైనా చెప్పండి.

మా గోల్‌కీపర్ రాజంపేట పక్కోడు, ఫర్వానియాలో హోటల్లో వంట చేస్తాడు. ఊర్లో వాలీబాల్ ఆడినోడు. బంతి చేతికొస్తే నిలబెట్టి తన్నడు, ఎగరేసి అరచేత్తో కొడతాడు. అది ఫౌలు. మేమంతా తిట్టేది, "ఇది వాలీబాల్ కాదురా నాయనా!" అని. కోచ్ మాత్రం ఒక సాయంత్రం మమ్మల్ని ఆపి, బంతి యాడిదాకా పోతాందో చూసినాడు. గ్రౌండు నడిమి గీత దాటి పోతాండాది. కాళ్లతో మావాళ్లెవరూ అంత దూరం కొట్టలేరు.

"వాణ్ణి మార్చొద్దండి" అన్నాడు. కీపర్ దగ్గరికి పోయి ఎడం చెయ్యి చాపించి, అరచేతిలో బంతి పెట్టి, "ఎగరెయ్యొద్దు. చేతిలో ఉండంగనే కొట్టు. ఎగరేస్తేనే తప్పు" అని నేర్పించినాడు. మాకు సిగ్గనిపించిందాన్ని ఆయన ఆయుధం చేసినాడు.

ఫైనల్ ఎవురితోననుకున్నారు? ఆ కోనసీమ టీముతోనే. అంతకు ముందేడు కప్పు వాళ్లదే. ఆట అయిపోవస్తాండాది, ఎవురూ గోలు కొట్టలేదు. వాళ్లకు కార్నరొచ్చింది. అందరూ మా గోల్ కాడికొచ్చేసినారు, వాళ్ల డిఫెన్సు కూడా. మూల నుంచి బంతి లేచింది. మావాడు గాల్లోకెగిరి పట్టుకున్నాడు. గీత బయట నుంచి కోచ్ ఒక్కటే అరుపు, "వాలీబాల్!"

ఎడం అరచేతిలో బంతి, కుడిచేత్తో దెబ్బ. బంతి వాళ్లందరి తలకాయల మీద నుంచి పోయి, నడిమి గీత కాడ ఒంటిగా నిలబడిన మా కెప్టెన్ ముందర పడింది. వాడు దౌడు తీసినాడు. వాళ్ల కీపర్ ఒక్కడే అడ్డం. కొట్టినాడు. పడింది!

"ఏవండీ రిఫరీ గారూ! ఇది ఫుట్‌బాలా, వాలీబాలా అండీ?" అని వాళ్లు చుట్టుకున్నారు. రిఫరీ ఈజిప్టు ఆయన. ఎగరెయ్యలేదని చేత్తో చూపించి, "యల్లా, యల్లా!" అని వాళ్లను తోలినాడు. గోలు గోలే. కప్పు మాది. ఆపొద్దు మావాళ్లు గ్రౌండు చుట్టూ తిరగతా అరిచిన అరుపు, "గుత్తొంకాయ తిన్నారా, అన్నా? కారం సరిపోయిందా?"

ఫోటో తీసే యాలకు కోచ్ కనపడలేదు. అందుకే ఆ ఫోటోలో కూడా ఆయన లేడు. ఎతుక్కుంటా గ్యారేజీకి పోతే, పెద్ద గిన్నెలో గుడ్లు ఉడకబెడతాండాడు. వాళ్ల పక్క దేవునికి మొక్కుకుంటే ఉడకబెట్టిన గుడ్లు చెల్లిస్తారంట. మా కోసం ఆయన మొక్కుకున్నాడు, మాకు ఒక్క మాట చెప్పకుండా. పనిముట్ల అల్మారాలో చిన్న బుద్ధుని పటం. దాని ముందర తట్ట నిండా గుడ్లు పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"మేం తలెంట్రుకలిస్తాం, మీరు గుడ్లిస్తారు. మీ మొక్కే మేలు కోచ్, తినొచ్చు" అంటి. నవ్వినాడు. తర్వాత ఒక్కో గుడ్డూ ఒలిచి, ఉప్పద్ది, ఒక్కో పిల్లోని చేతిలో ఆయనే పెట్టినాడు. కప్పు టైర్ల మీద ఉండె, దాన్ని చూసినోడు లేడు.

పోయినేడు ఆయన ఈడ ఉండేదానికిచ్చే ఇఖామా కాగితం ముగించుకోని ఇంటికి పోయినాడు. వాళ్ల క్లబ్బు ఏటికొక మెట్టే ఎక్కతా వచ్చి, ఈ ఏడు మల్లా అన్నిటికంటే పై మెట్టుకు పోయే ఆట కాడికొచ్చింది. మనకు మధ్యాన్నం, వాళ్లకు సాయంత్రం. స్టేడియం నుంచే మాకు వీడియో కాల్ చేసినాడు. గ్యారేజీలో అందరం ఒక ఫోను చుట్టూ. పెనాల్టీలకు పోయింది. కడా తన్ను లోపలికి పోయినప్పుడు ఫోను ఎగిరిపోయింది. మాకు ఆకాశం, వంకాయరంగు జెండాలు, ఎవురిదో చెప్పు, అంతే కనపడింది. కోచ్ గొంతు మాత్రం వినపడింది. "సదీక్! మా ఊరు! మా ఊరు!"

ఫిలిప్పీన్ పెయింటర్ ఆపొద్దు గోడమీద చుక్క కొట్టలేదు. బూడిద చుక్కలన్నీ మునిగేటట్లు ఒక వంకాయరంగు సూర్యుణ్ణే కొట్టినాడు. మర్నాడు కోచ్ పంపిన ఫోటోలో వాళ్ల గుడి, గుట్టగా గుడ్లు, వాటి పక్కన మా టీము జెర్సీ వేసుకోని ఆయన. వాళ్ల క్లబ్బుది కాదు, మాది. ఈపు మీద తెలుగు అక్షరాలు.

ఇంకా ఆయన తెలుగోడు కాదంటారా?

కమిటీ పెద్దల్లారా, రంజాన్ అయినాక రెండో శుక్రవారం టోర్నమెంటు మొదలు. ఆ ముందు గురువారం పొద్దుగూకేలోపల గీత తీసి పేరు రాస్తారా, రాయరా, నాకు తెలియాల. ఈసారి నేనూ మొక్కుకున్నా. గురువారమే చెప్పండి. గుడ్లు తెచ్చి ఉడకబెట్టుకోవాల.