కారు ముందు కట్టిన బంతిపూల దండ

మా వదినకు ఇక మిషన్ మీదే బతుకని నాకు మొదట చెప్పింది ఎదురింటి బీడీలక్క. వదిన అంటే మా ఆయనకు అక్క. భర్త పోయినప్పటి నుండి మాతోనే ఉంటోంది. వాళ్లిద్దరూ రోజూ మా అరుగు మీద చెరొక చాట పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. వదిన కాళ్లు వాచి చెప్పులు పట్టని రోజున ఆ అక్కే బోధన్ నుండి నిజామాబాద్ ఆస్పత్రికి బస్సులో తీసుకుపోయింది. తిరిగొచ్చి, వదినను మంచం మీద పడుకోబెట్టి, నన్ను వంటింట్లోకి పిలిచింది.

"కిడ్నీలు పనిచేస్తలేవట పిల్లా. వారానికి మూడుమాట్ల రక్తం కడిగే మిషన్ ఎక్కాలె. తప్పితే ఒంట్ల నీళ్లు నిండి దమ్ము ఆడదట. ఆమెకు సగమే చెప్పిన. మిగిలిన సగం నువ్వు చెప్పు."

అంతదూరం బస్సులో ఆ మాటను ఒంటరిగా మోసుకొచ్చింది. ఆమె మేలు నేను మరచిపోను.

మా ఆయనకు కిరాణా కొట్టు. వారానికి మూడు పూటలు మూసి పెడితే నడవదు. అందుకని కారు నేనే నడుపుతాను. చిన్న కారు, వేరేవాళ్లు వాడి అమ్మింది. నేను బడికి పోలేదు. మా బాపు కిరాయి జీపు నడిపేవాడు. ఇంటిదగ్గరే నాకు అక్షరాలు దిద్దించాడు, స్తోత్రాలు చదివించాడు. అంకెలు మాత్రం చాలావరకు జీపు మీటరు మీదే నేర్చుకున్నాను. ఏ ముల్లు ఏం చెబుతుందో, ఏ లైటు ఎందుకు వెలుగుతుందో అప్పుడే చెవిన పడింది. దేవుడి దయవల్ల పడిన ఆ మాటలే తర్వాత అక్కరకొచ్చాయి.

ఆ దసరాకు వదిన ఓపిక చేసుకుని కారు కడిగించింది. "నన్ను బతికిస్తున్న బండి, దీనికి చెయ్యకుంటే ఎవరికి చెయ్యాలె" అని బానెట్ నిండా పసుపు పూసి బొట్లు పెట్టింది. టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించింది. అమ్మవారి దగ్గర పెట్టిన ఎర్ర రవికె గుడ్డను ముందు జాలీకి అడ్డంగా కట్టి, దానిమీద నా చేతి లావున్న బంతిపూల దండ రెండు వరుసలు చుట్టింది. పండుగ దండ దానంతట అది ఎండి రాలాలే తప్ప మనం తెంపకూడదని మా ఇంట్లో పట్టింపు. నాకూ ఆ నమ్మకమే. చూడముచ్చటగా ఉందనుకున్నాను తప్ప ఇంకే ఆలోచనా రాలేదు.

పండుగ మూలంగా మిషన్ రోజులు అటూ ఇటూ జరిగి ఎడం పెరిగింది. దసరా మర్నాడు బయలుదేరేటప్పటికే వదినకు ఆయాసంగా ఉంది. వెనక సీటులో పడుకోలేక, కూర్చోలేక, తలుపు పట్టుకుని ఉంది. గాలి కోసం ఏసీ గట్టిగా పెట్టాను.

ఎడపల్లి దాటాక వేడి చూపించే ముల్లు మామూలు చోట లేదు. పైకి పోతోంది. ఏసీ ఆపేశాను. ఎండాకాలంలో కూడా బాపు జీపులో హీటర్ తిప్పి ఇంజను వేడిని లోపలికి లాగేవాడు. నేనూ అలాగే తిప్పాను. వదిన ముఖం చూసి మళ్లీ ఆపాను. ఆమెకు ఆ సెగ తట్టుకునే శక్తి లేదు. అంతలో ఎర్ర లైటు వెలిగింది. రోడ్డు పక్కకు తీసి ఇంజను బంద్ చేశాను.

అక్కడ సగం రోడ్డు మీద మక్కజొన్నలు ఎండబోసి ఉన్నాయి. ఒక రైతు, ఆయన భార్య చెరుకుతోట గట్టు మీద కూర్చుని వాటికి కాపలా ఉన్నారు. ఇంజను వేడి వాసన పసిగట్టి రైతు ప్లాస్టిక్ బిందె పట్టుకుని వచ్చాడు.

"ఇంజన్ హీటయింది అక్కా. మూత తీయి, సల్లటి నీళ్లు కొడత."

"వద్దన్నా. ఇప్పుడు మూత తీస్తే మరిగే నీళ్లు ముఖం మీదికి ఎగజిమ్ముతయి. కుక్కరు మీద విజిల్ ఉండంగ మూత పీకుతమా?"

"ఆడోళ్లకు బండిస్తే గిట్లనే ఉంటది. నీళ్లు పొయ్యనియ్యరు, ముందుకు పోనియ్యరు."

గట్టు మీది నుండి ఆయన భార్య అందుకుంది. "మొన్న నీ ట్రాక్టరు బురదల కూసున్నది, గప్పుడు నడిపింది ఏ ఆడిది? ఆ నీళ్లు పెద్దమ్మ ముఖం కడగనీకి ఇయ్యి."

వదిన ముఖం తుడిచాను. తాగడానికి ఇవ్వలేదు, రోజుకు ఇన్నే తాగాలని ఆమెకు నీళ్లు లెక్క. బానెట్ ఎత్తి, ముట్టుకోకుండా చూశాను. కూలెంట్ డబ్బాలో నీరు గీతల మధ్యనే ఉంది. గొట్టాల దగ్గర తడి లేదు, కింద చుక్క లేదు. కారితే కదా తక్కువయ్యేది, తక్కువైతే కదా వేడెక్కేది. మరి ఎందుకు? బానెట్ దించబోతుంటే దండ కనిపించింది. ఇంజనును చల్లబరిచే రేడియేటర్‌కు గాలి పోయే దారే ఆ జాలీ. ఆ దారికి గుడ్డ కట్టి, గుడ్డ మీద పూలు కట్టాం.

"వదినా, దండ తియ్యాలె."

"ఆగం మాటలు మాట్లాడకు. అమ్మవారిది."

"బండికి ముక్కు మూసినం వదినా. నీకు దమ్ము ఆడనట్టే దానికీ ఆడుతలేదు."

ఆమె కొంగు ఒడిలో పరుచుకుంది. "తెంపకు, ముడి ఇప్పు" అంది.

అమ్మవారికి దండం పెట్టుకుని ముడి విప్పాను. దండ, గుడ్డ తెచ్చి ఆమె ఒడిలో పెట్టాను. ఇంజను చల్లారేదాకా ఆగడం కష్టమైంది. ఒకవైపు ఆమె ఊపిరి వినబడుతోంది, ఇంకోవైపు తొందరపడితే బండి మొత్తానికే పోతుందని తెలుసు. మనసులో నామం చెప్పుకుంటూ నిలబడ్డాను. ముల్లు దిగాక బయలుదేరాం. నిజామాబాద్ దాకా అది మళ్లీ పైకి పోలేదు.

కానీ వేళ దాటిపోయింది. ఆస్పత్రి మిషన్ సెంటర్‌లో సిస్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "మీ మిషన్ వేరేవాళ్లకు ఇచ్చేసినం అమ్మా. సాయంత్రం దాక చూడాలె." వదిన గోడకు ఒరిగిపోయింది. పెదవులు నల్లబడుతున్నాయి.

మంచం పక్కన చొక్కా చేయి పైకి మడుచుకుని సిద్ధంగా కూర్చున్న ముసలాయన ఇదంతా చూశాడు. మోర్తాడ్ దగ్గర పసుపు పండించే రైతు. అక్కడ ఎవరినీ పేరుతో పిలవరు, ఊరితోనే పిలుస్తారు. ఆయన అందరికీ మోర్తాడ్ బాపు. పండుగ ఎడం ఆయనకూ వచ్చిందే. కాళ్లు ఆయనవీ వాచే ఉన్నాయి.

"ఆ బిడ్డను పండుకోబెట్టు సిస్టరమ్మా. నేను సాయంత్రం ఎక్కుత."

"మీకూ ఆయాసం ఉంది కద బాపూ."

"నాది పసుపు రక్తం. ఒక పూట ఆగితే చెడిపోదు."

పక్కనున్న ఆయన కొడుకు గొణిగాడు. ఆయన వినిపించుకోకుండా చొక్కా చేయి కిందికి దించుకుని లేచాడు. వదిన మిషన్ ఎక్కింది. ఆమె ఊపిరి కుదురుకోవడం తలుపు అద్దంలోంచి చూసి, నేను బయటి షెడ్డులోకి వచ్చి ఆయన కాళ్లకు దండం పెట్టాను.

"దండం తర్వాత. బండికి ఏమైందో చెప్పు" అన్నాడు.

చెప్పాను. విని కొడుకు వైపు తిరిగాడు. "పోయి మన బండి ముందట సూడు."

వాళ్ల కారుకూ దండ ఉంది, రెండు అరటి పిలకలతో సహా. కొడుకు వాటిని విప్పుకొచ్చాడు. బాపు నవ్వాడు. "మా కోడలు భక్తి మంచిదే. రేపు నా ముక్కుకు కూడ కడ్తది."

ఆ షెడ్డులో మనిషిని మిషన్ మీద పెట్టి ఎదురుచూసేవాళ్లమే అందరం. అందరికీ బండి ఆగిపోతే ఎలా అన్న భయమే. ఆ పూట మాటలు అక్కడి నుండి సాగాయి. బాపు ఒక్కొక్కరిని పేరుపెట్టినట్టు ఊరుపెట్టి పిలిచి, "అడుగు, ఈ బిడ్డకు తెలుసు" అనేవాడు. నందిపేట్ నుండి భార్యను తెచ్చే ఆయన, తన బండిలో పసుపు లైటు చాలా రోజులుగా వెలుగుతోందన్నాడు.

"ఏం చేసినవ్?" అని అడిగాడు బాపు.

"కండ్లల్ల కొడుతుందని మా ఆమె బొట్టుబిళ్ల అంటించింది."

షెడ్డంతా నవ్వింది. నాకు తెలిసింది చెప్పాను. ఎర్ర లైటు వెలిగితే ఉన్నచోటే పక్కకు ఆపాలి. ఇంజను బొమ్మ ఉన్న పసుపు లైటు మామూలుగా వెలుగుతుంటే ఈ మిషన్ పని చూసుకుని త్వరగా మెకానిక్ దగ్గరికి పోవాలి, అది మిణుకుతుంటే మాత్రం నడపకుండా ఆగాలి. బొట్టుబిళ్ల పెడితే లైటు పోతుంది గానీ రోగం పోదు. కూలెంట్ డబ్బాలో మన బోరు నీళ్లు పోయొద్దని కూడా చెప్పాను. నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లటి పెచ్చే రేడియేటర్ లోపలా పడుతుంది. ఇంజనాయిలు ఎంతుందో చూసే పుల్ల తీసి తుడిచి, మళ్లీ ముంచి చూడమన్నాను, అదీ బండి చదునుగా ఉండి ఇంజను ఆగి కాసేపయ్యాక. తెలియనివాటికి తెలియదన్నాను. బ్రేకు చప్పుళ్ల సంగతి మెకానిక్కే చెప్పాలి.

అప్పటి నుండి అది అలవాటైపోయింది. నేను పోగానే ఎవరో ఒకరు బానెట్ ఎత్తి పిలిచేవారు. అడగడానికి మొహమాటపడేవాళ్లను బాపు ముందుకు తోసేవాడు. దారిలో బండ్లు ఆగి మిషన్ తప్పడం మా గుంపులో తగ్గింది. నా గొప్ప కాదది. ఆ రోజు ఆయన లేచి చోటివ్వకపోతే నాకు మాట్లాడే ధైర్యమూ ఉండేది కాదు, బహుశా వదినా ఉండేది కాదు.

పసుపు తవ్వే రోజుల్లో ఆయన రావడం ఆగిపోయింది. గుండె ఆగిందని కొడుకే వచ్చి చెప్పిపోయాడు. వదిన ఆ పూట మిషన్ మీద కళ్లు మూసుకునే ఉంది. నిద్రపోలేదు, జపం చేస్తోంది. ఇప్పటికీ వారానికి మూడు పూటలు మేం నిజామాబాద్ పోతున్నాం. ఆమె ఊపిరి తీసుకుంటోంది.

ఇది చదివినవాళ్లను నేను అడిగేది ఒకటే. మీ ఇంట్లో దీపం పెట్టే వేళ మోర్తాడ్ బాపును ఒక్కసారి తలుచుకోండి. ఆయన అసలు పేరు నేను అడగలేదు. తన ఊపిరికి కష్టమని తెలిసీ తన వంతు ఇచ్చినవాడని చెప్పుకుంటే చాలు, దేవుడికి తెలుస్తుంది.