పిస్టల్ తుడవడం మీద మా తగువు

ఆయనంటే నాకు గిట్టదు. నేనన్నా ఆయనకు గిట్టదు. మా ఇద్దరినీ ఒకచోట కట్టి పడేసింది ఒక పిస్టల్. అదైనా మా ఇద్దరిదీ కాదు, క్లబ్బుది.

నేను ఎమ్మిగనూరులో ఒక హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయినిని. మోకాళ్లు అరిగి వాలీబాల్ మానేశాక, నిలబడిన చోటే ఆడే ఆట కావాలని వెతుక్కుంటూ షూటింగ్‌లోకి వచ్చాను. ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి తన పాత గోదామును షూటింగ్ క్లబ్బుగా మార్చాడు. ఆయనే సెక్రటరీ. లైసెన్సులు, ఇనప బీరువా, గుళ్లు ఆపడానికి మట్టి దిబ్బ, అన్నీ పద్ధతి ప్రకారమే ఉండేవి. ఒక్క గాలి మాత్రం మా చేతుల్లో లేదు. పక్కనే జిన్నింగ్ మిల్లు. పత్తి సీజన్లో దూది నూగు రేకుల సందుల్లోంచి లోపలికి వచ్చి జుట్టు మీదా, కనుబొమల మీదా వాలేది.

క్లబ్బులో ఉన్నది ఒకే ఒక పాయింట్ టూ టూ పిస్టల్. సన్న తూటా, వెనక అంచు మీద సూది కొడితే పేలుతుంది. దాని బాగోగులు చూసే మనిషి పోలీసు శాఖలో ఆయుధాలు మరమ్మతు చేసి రిటైరైన పెద్దాయన. నాకు గిట్టనిది ఈయనే. బీరువా తాళంచెవి ఆయన నడుముకే ఉండేది.

నేను ఇరవై గుళ్లు కాల్చినా సరే, ఆయన అరగంట తుడిచేవాడు. ఉక్కు కడ్డీకి గుడ్డపీలిక చుట్టి, గుండు బయటికొచ్చే మూతి వైపు నుంచి గొట్టంలోకి దూర్చి లాగేవాడు. దాన్ని చిందీ అనేవాడు. చిందీ తెల్లగా బయటికి వచ్చేదాకా నన్ను కదలనిచ్చేవాడు కాదు. ఆ తర్వాత నూనె. చుక్క కాదు, తలకు అంటినట్టు అంటేవాడు.

"బస్సు పోతుంది సార్" అన్నాను ఒక ఆదివారం.

"పోనీ. తుపాకి మురికిగా పెట్టి పోయేవాళ్లకు బస్సెందుకు, నడిసి పోవాల."

ఆర్నెల్లు భరించాను. ఈలోగా ఒక సంగతి గమనించాను. ప్రతి ఆదివారం నా మొదటి పదిహేను గుళ్లు చెల్లాచెదురుగా పడేవి. ఆ తర్వాత చెయ్యి కుదిరినట్టు అన్నీ ఒకచోటికి వచ్చేవి. తప్పు నా చేతిదేనని చాన్నాళ్లు అనుకున్నాను. తర్వాత చదివి తెలుసుకున్నాను. ఈ తూటాల సీసం మీద మైనం లాంటి పూత ఉంటుంది. అది గొట్టంలో పలచగా పరుచుకున్నాకే గుండు నిలకడగా పోతుంది. తళతళలాడేట్టు తుడిస్తే ఆ పొర పోయి, మళ్లీ మొదటికి వస్తుంది. పైగా ఉక్కు కడ్డీ రోజూ మూతి అంచుకు రాసుకుంటే ఆ అంచు అరిగిపోతుంది. గురి తేలేది అక్కడే.

టార్గెట్ కాయితాలు వరుసగా పెట్టి ఆయనకు చూపించాను. ఆయన కాయితాల వంక కూడా చూడలేదు.

"ఫోన్లో సదివి నాకు సెప్తాండావా? నేను ముప్పై ఏండ్లు రైఫిళ్లు తుడిసినా. ఒక్కదానికి తుప్పు పట్టనియ్యలేదు."

"ఇది రైఫిల్ కాదు సార్."

"తుపాకి తుపాకే. గమ్మునుండు."

కర్నూలులో జిల్లా సెలక్షన్లు వచ్చాయి. ముందురోజు సాయంత్రం పిస్టల్ ముట్టుకోవద్దని బతిమాలాను. పొద్దున పెట్టె తెరిస్తే నూనె వాసన గుప్పుమంది. గొట్టం అద్దంలా ఉంది. పోటీకి ముందు గురి చూసుకోవడానికి ఇచ్చేది ఐదు గుళ్లే. అవి ఐదు దిక్కులకూ పోయాయి. అసలు గుళ్లలో మొదటి పదీ అంతే. నాలుగు పాయింట్ల తేడాతో ఎంపిక తప్పింది.

బయటికి వచ్చి, మాతో కర్నూలుకొచ్చిన ఆయన్ను అందరూ వింటుండగా అడిగాను. "మీ చేతి దురద తీరిందా సార్?"

ఆయన ముఖం నల్లబడింది. నాకంటే చిన్నవాళ్లు చాలామంది ఉన్నారక్కడ. కొందరు నవ్వారు. మాట నోరు దాటాక వెనక్కి తీసుకోవాలని నాకు అనిపించలేదు.

తర్వాతి ఆదివారం సెక్రటరీ ముందు పంచాయితీ పెట్టాను. సెక్రటరీ విసిగిపోయి బీరువా రెండో తాళంచెవి నాకిచ్చాడు. పెద్దాయన తన తాళంచెవి బల్ల మీద పడేసి, "ఇంగ నేను ముట్టుకోను. ఆయమ్మనే సూసుకోమను" అన్నాడు.

నేను చూసుకోలేదు. నాలుగు నెలలు పిస్టల్‌ను ఒక్కసారి కూడా తుడవలేదు. ఇది తెలివితో చేసిన పని కాదు. గొట్టాన్ని తరచూ తుడవొద్దని చదివాను గానీ, మిగతా భాగాలు ప్రతిసారీ తుడవాలని కూడా అందులోనే ఉంది. దాన్ని కావాలనే వదిలేశాను. ప్రతి ఆదివారం ఆయన స్టూలు మీద కూర్చుని చూస్తుండగా, తూటాలు లేవని సరిచూసుకుని, పిస్టల్‌ను అలాగే పెట్టెలో పెట్టి టక్కున మూసేదాన్ని. ఆ చప్పుడు ఆయనకు వినపడాలని గట్టిగా మూసేదాన్ని. గుళ్లన్నీ ఒకచోటే పడుతున్నాయి. గెలిచాననుకున్నాను.

అనంతపురంలో పోటీ. సెక్రటరీ ఆయన్ను కూడా బలవంతాన కారెక్కించాడు. మూడో విడతలో, గుండు పేలినప్పుడల్లా వెనక్కి జరిగి ముందుకొచ్చే స్లైడ్ పూర్తిగా మూసుకోలేదు. తూటా సగంలో ఇరుక్కుంది. చెయ్యెత్తాను. అధికారి చూసి మళ్లీ కాల్చనిచ్చాడు. రెండో గుండుకే మళ్లీ ఇరుక్కుంది. నిబంధన ప్రకారం కాల్చని గుళ్లకు సున్నా వేశారు. పిస్టల్‌ను బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చున్నాను.

వెనకనుంచి ఆయన గొంతు. "ఆ ముక్క ఫోన్లో రాయలేదేమో టీచరమ్మకు."

మ్యాగజైన్, ఇరుక్కున్న తూటా తీసి, గొట్టం ఖాళీ అని అధికారికి చూపించాక, ఆయనే పిస్టల్ విప్పాడు. సన్నటి వెదురుపుల్లతో తూటా కూర్చునే గూటిలోంచి గీకాడు. మైనం, మసి కలిసిన నల్లటి పట్టీ ఊడి వచ్చింది. దాన్ని నా ముక్కు కింద పెట్టాడు.

"సూడు. నాలుగు నెలల నీ కొవ్వు."

నిజమే. కానీ ఆయన గీకడం ఆపలేదు. స్లైడ్ గాడిలోంచి బూడిదరంగు కంబళి ముక్క లాంటిది బయటపడింది. దూది నూగు. నూనెలో నాని, ఎండి, అట్టకట్టింది. అది నేను అందుకున్నాను.

"మసి నాది సార్. ఈ నూనె ఎవరిది? తాళంచెవి నాకొచ్చినాక నేను ఒక్క చుక్క పొయ్యలేదు."

ఆయన దాన్ని వేళ్ల మధ్య నలిపాడు. వాసన చూశాడు. తన సీసాలోని నూనె తనకు తెలియదా. పోటీ పోయినందుకు ఏడవాల్సిన మనిషిని, ఆయన నోరు పడిపోయినందుకు సంతోషించాను. ఆ సంతోషం మంచిది కాదని తెలుసు, అయినా పడ్డాను.

తిరుగు ప్రయాణంలో గుంతకల్లు దాటాక సెక్రటరీ అన్నాడు. "ఇద్దరూ ఒక మాట మీదికి రాండి. లేకుంటే పిస్టల్ స్టేషన్లో డిపాజిట్ చేసి క్లబ్బుకు తాళమేస్తా."

ముందు సీట్లోంచి పెద్దాయన సెక్రటరీతో అన్నాడు. "కాల్చినప్పుడల్లా గూడు, స్లైడ్ ముఖం, గాడి తుడవాలని ఆయమ్మకు సెప్పు."

నేను వెనక సీట్లోంచి, "సరే అని చెప్పండి. గొట్టం మాత్రం ఐదు వందల గుళ్లకు ఒకసారి. అది కూడా గుడ్డ కట్టిన తాడుతో, గూటి వైపునుంచి. ఉక్కు కడ్డీ వద్దు" అన్నాను.

"ఐదు నూర్లా? మున్నూరు."

"గుళ్లు చెదరకపోతే ఐదు వందలే."

"వానల్లో నెలరోజులు పెట్టెలో ఉంటే?"

"పలచగా నూనె గుడ్డ లాగుదాం. కాల్చేముందు పొడిగుడ్డ. పోటీకి ముందు గొట్టం తుడిస్తే, ఇరవై గుళ్లు కాల్చాకే పోటీకి తీసుకుపోవాలి."

ఇక మిగిలింది నూనె. "గాడికి ఒక చుక్క, దాన్నీ తుడిచెయ్యాలి" అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆదోని కొండలు కనపడ్డాక, "పోనీ" అన్నాడు చివరికి, సెక్రటరీతోనే.

ఆ తర్వాత పిస్టల్ ఎక్కడా ఆగలేదు. మరుసటి ఏడాది నేను రాష్ట్ర పోటీల్లో ఐదోస్థానంలో నిలిచాను. నేను పక్కనే ఉండగా ఆయన, "ఆయమ్మకు ఎంతొచ్చె?" అని సెక్రటరీని అడిగాడు. నేనూ సెక్రటరీకే చెప్పాను.

మొన్న ఆయనకు కంటి ఆపరేషన్ అయింది. ఇంటికి పోయి చూసొద్దాం రమ్మని సెక్రటరీ పిలిచాడు. బస్టాండుకు పోయే దారిలోనే ఆ ఇల్లు. నేను పోలేదు. రెండు వారాలకు ఆయన నల్లద్దాలు పెట్టుకుని క్లబ్బుకొచ్చాడు. నేను తుడిచి ఖాళీగా విప్పిపెట్టిన పిస్టల్‌ను దగ్గరికి లాక్కున్నాడు. చూపు ఆనలేదేమో, చిటికెనవేలి కొసతో గూటి అంచంతా తడిమాడు.

"పర్వాలేదని సెప్పు" అన్నాడు సెక్రటరీతో.

నేను వినలేదన్నట్టు సంచి భుజానికేసుకుని బస్సుకు బయల్దేరాను.